నిండా మునిగినవాడికి

ప్రింటు పేజీకి పది సెంట్లు.
లైబ్రరీ గల్లాపెట్టె పక్కన నా కుర్చీ,
కిటికీ అవతల న్యూఫౌండ్‌లాండ్ జనవరి,
గడ్డకట్టిన రేవులో కదలని పడవలు.

మంగళవారం మంగళవారం వస్తుంది ఫిలమీనా కీయో.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊరి పిల్లల నోటుపుస్తకాల్లో
కామాలు సరిదిద్దిన చెయ్యి.
నావీ దిద్దింది. ఒకసారి చెవి కూడా మెలిపెట్టింది.

ఆయన ఈమెయిలు తెరవటం ఆవిడకి రాదు,
నేనే తెరుస్తాను.
పాస్‌వర్డు ఆయన పడవ పేరు.
పడవ దొరికింది, ఏప్రిల్లో, బోర్లాపడి.
పీతల బోనులు దొరికాయి. టోపీ దొరికింది.

కరెంటు బిల్లు కోసం వెతుకుతుంటే
దాని నెత్తినెక్కి కూచుని ఉంది
జాకెట్ల కంపెనీ వాళ్ళ కబురు, రంగురంగుల అక్షరాల్లో:

"ఆంబ్రోస్! ఎక్కడ మునిగిపోయారు ఇన్నాళ్ళూ?
మీ జాడ లేక మేం బెంగపెట్టుకున్నాం!
నిండా మునిగినవాడికి చలేమిటంటారు కదా,
మా కొత్త కోటు తొడగండి, మునిగినా వెచ్చగా ఉంటారు!
అర్ధరాత్రి దాటితే ఆఫరు నీళ్ళపాలు!"

చెరిపేద్దామని మౌసు కదిపాను.
"ఉంచు," అంది. "ప్రింటు తియ్యి."
పది సెంట్ల నాణెం బల్లమీద పెట్టింది.

సంచిలోంచి ఎర్ర పెన్సిలు.
ఆశ్చర్యార్థకాలు నాలుగు, నాలుగూ కొట్టేసింది.
'మేం' చుట్టూ సున్నా చుట్టి పక్కన రాసింది:
ఎవరు? పేర్లు రాయండి.
'మునిగిపోయారు' దగ్గర పెన్సిలు ఆగింది.
కాసేపటికి దాటిపోయింది.
వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు.

'చలేమిటి' కింద మాత్రం
వణక్కుండా, గుండ్రంగా, బడిలో నల్లబల్ల మీద రాసినట్టు:
తొమ్మిది నెలలుగా నేను అడుగుతున్నదీ అదే.

పదికి రెండు మార్కులు. అచ్చుతప్పులు లేనందుకు.

ఈ కబుర్లు ఆపెయ్యమని చెప్పొచ్చండీ, అన్నాను,
అడుగున చిన్న మీట ఉంటుంది, నొక్కితే కారణం అడుగుతారు:
మెయిళ్ళు ఎక్కువయ్యాయా, సరుకు నచ్చలేదా, ఇతరమా.
"ఇతరానికి ఎంత చోటిచ్చారు?"
ముప్ఫై అక్షరాలు.
"చాలదులే," అని
కాగితం నాలుగు మడతలు పెట్టి
తపాలా బిళ్ళ అంటించి పంపింది.

మూడు వారాలకి క్షమాపణ వచ్చింది, మళ్ళీ ఆయనకే.
"ప్రియమైన ఆంబ్రోస్, మా మాట వల్ల
మీ మనసు నొచ్చుకుని ఉంటే..."
'ఉంటే' చుట్టూ ఎర్ర సున్నా.
కింద నలభై శాతం తగ్గింపు కూపను.

నేను ఛీ అన్నాను గట్టిగా.
ఆవిడ అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని
కూపను గడువు ఎప్పటిదాకా అని అడిగింది.

మేనల్లుడు డెర్మాట్‌కి పంతొమ్మిది.
ఈ ఏప్రిల్లో పీతల పడవ ఎక్కుతున్నాడు,
ఎవరు చెప్పినా వినట్లేదు.
నీళ్ళలో తేలే కోటు, నారింజ రంగు, అన్నిటికన్నా ఖరీదైంది.
సైజు? అన్నాను.
"ఆయన భుజాలే వీడికీ."
పేరు మార్చనా?
"ఎందుకు? కూపను ఆయనది."

మరుసటి మంగళవారం
ఆవిడ చేతిసంచి దించకముందే చూశాను:
"తిరిగొచ్చారు, ఆంబ్రోస్!
మళ్ళీ మిమ్మల్ని చూడ్డం ఎంత సంతోషమో!"

దాచేద్దామా అనుకున్నాను.
వెనక నిలబడి చదివేసింది అప్పటికే.
ప్రింటు తీశాను.
పెన్సిలు బయటికి తీసింది, మొన చూసుకుంది,
కాగితం మీద ఎక్కడా ఆనించకుండా
మళ్ళీ సంచిలో వేసుకుంది.

ఈసారికి డబ్బులొద్దండీ, అన్నాను.
నాణెం పెట్టే వెళ్ళింది.