ఏడో గడి

మార్చి ఇరవై ఎనిమిది.
ముంబయి నుంచి షీటు వచ్చింది.
ఈ ఏడాది మీ ఆఫీసు ఎన్ని కేజీల చెత్త పుట్టించింది,
అందులో ఎంత మళ్ళీ పనికొచ్చింది,
సాయంత్రం ఐదులోగా నింపి పంపాలి.
ఖాళీ వదిలితే గడి ఎర్రబడుతుంది.

నిరుడు నేను రాసిన అంకె
మా అబ్బాయి పుట్టినరోజు తారీఖు.
ఎవరూ అడగలేదు.
ఈసారి అడుగుతారట. ఆడిటు ఉందట.

అందుకని ఒంగోలులో, కర్నూలు రోడ్డు మీద,
మా రీజనల్ ఆఫీసు వెనక, జనరేటరు పక్కన,
కిటికీ చువ్వకి కాటా తగిలించాడు మాలకొండయ్య.
దీనమ్మ ఒక్కో సంచీ మోసుకొస్తోంది.
పద్నాలుగేళ్ళుగా ఊడుస్తోంది ఇక్కడ,
ఇంకా పార్ట్ టైమే.
సంచీ పైకెత్తి, కాటా కంటే ముందే చెబుతుంది:
"ఇది పదకొండున్నర. రాసుకో సార్."
ముల్లు కాసేపు ఊగి
పదకొండున్నర దగ్గరే నిలబడుతుంది.
"ఇది లోన్ల సెక్షనుది, బరువుంటది.
మేనేజరు గదిలో ఏముంది, జీడిపప్పు కవర్లేగా."

రాస్తున్నాను.
కాగితం నూట నలభై రెండు.
టీ కప్పులు తొమ్మిది,
అడుగున మిగిలిన టీతో కలిపితే పన్నెండు.
లక్షల నడుముకి చుట్టి విప్పేసిన పట్టీలు
అన్నీ కలిపి కేజీ ముప్పాతిక.
చచ్చిన కంప్యూటర్లు ఆరు.
వాటి కడుపులో ఎవరి లెక్కలున్నాయోనని
ఎవరూ సంతకం పెట్టరు.
మూడేళ్ళుగా మెట్ల కింద
బల్లులు కాపురముంటున్నాయి.

ముక్కలు చేసే మిషను సంచీ మాత్రం
ఉబ్బు ఎక్కువ, తూకం తక్కువ.
"ఈ సేమ్యా ఎక్కడికి పోతుంది?"
"మార్కాపురం సార్. పలకల పెట్టెల్లోకి.
పగలకుండా మధ్యలో కుక్కుతారు."

నా పెన్ను ఆగింది.
ఆ పలక మీదే దిద్దాను నేను.
తప్పు పోతే ఉమ్మి, మోచెయ్యి,
మళ్ళీ నల్లటి పలక.
ఒకటో తరగతి మొత్తం ఎన్ని తప్పులు రాశానో,
గ్రాము చెత్త లేదు.

అప్పుడు ఒక సంచీ కుట్టు విడింది.
మిషను నోట పడకుండా తప్పించుకున్న కట్టొకటి
కాళ్ళ దగ్గర పడింది.
అన్నీ దరఖాస్తులు.
పొగాకు జిగురు వదలని బొటనవేళ్ళు,
టంగుటూరు, కొండపి, మర్రిపూడి,
ఎవరో బడిపిల్లలు కుదురుగా రాసిపెట్టిన ఊళ్ళు.
అన్నిటి మీదా ఒకటే స్టాంపు,
స్టాంపు కింద నా పొడి సంతకం.

ఒకటి ట్రాలీ ఆటో కోసం.
వృత్తి: పాత ఇనుము, కాగితం కొనుట.
ఫోటోలో మాలకొండయ్య మీసం
ఇంకా నల్లగా ఉంది.

అతను చూశాడు. చూడనట్టు
కాటా కొక్కెం సర్దుకున్నాడు.
"అదీ ఎయ్యండి సార్, కాగితమేగా.
కేజీ పన్నెండు."
వేశాను.
ముల్లు కదల్లేదు.

నాలుగూ యాభై.
ఆరు గళ్ళు నింపాను.
ఏడో గడి అడుగుతోంది:
కొన్నవారి రిజిస్ట్రేషన్ నంబరు.
"నంబరా? ఫోను నంబరా సార్?"
కాదు మాలకొండయ్యా.
షాపుంటే ఇస్తారు, షాపుకి అప్పు కావాలి,
అప్పుకి,
ఆ మాట పూర్తి చేయలేదు నేను.

నంబరు లేకపోతే షీటు ఒప్పుకోదు.
అది ఒప్పుకోకపోతే
ఈ పద్నాలుగేళ్ళూ దీనమ్మ ఏరి, విడదీసి, ఎండబెట్టినదంతా,
మాలకొండయ్య సైకిలు మీద కట్టుకుపోయినదంతా,
మార్కాపురంలో పలక పగలకుండా ఆపినదంతా
సున్నా శాతం.

సున్నా కొట్టాను.
గడి పచ్చబడింది.
సున్నా కూడా అంకేనట.

ఐదుకి రెండు నిమిషాలుంది.
కాటా కింద రాలిన ముక్కల్ని
చీపురుతో ఒకచోటికి తోస్తూ
దీనమ్మ అంది,
"ఇయ్యి రాయలేదు సార్ నువ్వు.
గుప్పెడుంటయ్."