ఎక్కడ పెడతారు?

మా కొట్టు బయట ఆ ఏప్రిల్ నెలంతా
ఆరడుగులకో పసుపు టేపు ముక్క.
ఒక్కో ముక్క మీద ఒక్కో భయం
మూతికి గుడ్డ కట్టుకుని నిలబడేది.
స్పోకేన్ చుట్టూ గుట్టల మీద మంచింకా కరగలేదు.
బజార్లో మైదా లేదు, ఈస్టు లేదు,
మా దగ్గర తూటాలు లేవు.

ఇరవై రెండేళ్ళుగా తుపాకులు అమ్ముతున్నాను.
వేటగాళ్ళని చేతులు చూసే పోల్చుకుంటాను.
ఇవి ఆ చేతులు కావు.
శానిటైజర్‌కి పగిలినవి,
ఏ వైపు పట్టుకోవాలో తెలియనివి.

మావిస్ టర్న్‌క్విస్ట్. పేరు ఫారంలో చదివాను.
రాత్రి డ్యూటీ నర్సు.
ముక్కు మీద మాస్కు కోసిన ఎర్రటి గాడి.
ఇంటికెళ్తే బూట్లు గరాజులోనే విప్పేస్తుందట,
పాల డబ్బాని కూడా సబ్బునీళ్ళతో తుడుస్తుందట,
కొడుకుని ముట్టుకుని పదకొండు రోజులైందట.
అడక్కుండానే చెప్పింది.
మనిషి ఎదురుపడితే చాలు, అప్పుడందరూ అంతే.

"మరి దీన్నెక్కడ పెడతారు?"
"అలమర పైన, చెప్పుల పెట్టెలో. వాడికందదు."
"ఎన్నేళ్ళు వాడికి?"
"ఏడు."
"క్రిస్మస్ కానుకలు ఎక్కడ దాస్తారు?"

నవ్వబోయింది.
మాస్కు వెనక నవ్వు సగంలో ఆగిపోతే
కళ్ళలో తెలుస్తుంది.
బడి మూసేశారు. వాడు పగలంతా ఇంట్లోనే.
ఆమె పగలంతా నిద్రలో.

మా నాన్న మైదా డబ్బా వెనక పెట్టేవాడు.
ఆ సంగతి మా తమ్ముడు ఓరిన్‌కి తెలుసని
ఒక ఆదివారం మాకు తెలిసింది.
ఇది నేనెవరికీ చెప్పను.
ఆమెకీ చెప్పలేదు.

ఇనప్పెట్టెలు ఎప్పుడో అయిపోయాయి.
సొరుగు అడుగున ఒక్క తీగ తాళం,
ఎవరో పాత పిస్తోలుతో పాటు వదిలేసింది.
తుపాకీ కడుపులోంచి తీగ దూర్చి చూపించాను.
తూటాలు వేరే గదిలో, అన్నాను.
డబ్బు తీసుకోలేదు.

"అర్ధరాత్రి ఎవడో తలుపు పగలగొడితే?
తాళం తీసేలోగా?"

న్యాయమైన ప్రశ్నే.
నా దగ్గర జవాబు లేదు.
ఓరిన్ ఉన్నాడు, అంతే.

చాలాసేపు నిలబడింది. వెనక ఎవరో దగ్గారు,
వరసంతా ఒక్కసారి వెనక్కి జరిగింది.
ఆమె జరగలేదు.
మెడలోని ఆస్పత్రి కార్డు తాడుకి
తాళంచెవి గుచ్చుకుని,
తలుపుని మోచేత్తో నెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాతి టేపు ముక్క మీంచి
ఒక కుర్రాడు ముందుకొచ్చాడు.
భుజమ్మీద నిద్రపోతున్న పాప.

తాళం లేదని తెలుసు.
అయినా సొరుగు
ఇంకోసారి వెతికాను.