ఆపి ఉంచినవి: మూడు

నూట నలభై మూడు కొత్తవి వచ్చాయి,
ఎక్కించమంటావా అని అడుగుతోంది తెర.
పక్కన వై, ఎన్.
గంగపట్నం రొయ్యల గుంటల మీదుగా వచ్చిన ఉప్పుగాలి
కిటికీ రెక్కని కొడుతోంది.
కీబోర్డు సందుల్లో మేత పొడి.
వై మీద నా వేలు
ఈసారి ఊరికే పడదు.

పోయిన శ్రావణంలో పడింది.
అన్నీ ఒక్కసారే, నిద్రమత్తులో.
కొత్త కెర్నలు, కొత్త ఫాంట్లు, ఎవరూ ఆడని ఆటలు,
ఆ గుంపులో కలిసిపోయి
ఆక్సిజన్ మీటరుతో మాట్లాడే చిన్న ప్యాకేజీ ఒకటి.
మీటరుకి పదకొండేళ్ళు. చేసిన కంపెనీ మూతపడింది.
దాని యాస ఆ పాత వెర్షన్‌కే తెలుసు.
కొత్తది, అర్థం కాలేదని చెప్పనైనా చెప్పలేదు.
చివరిసారి విన్న అంకెనే
తెల్లవార్లూ వల్లిస్తూ కూర్చుంది:
అయిదు పాయింటు రెండు.
అయిదు పాయింటు రెండు.

మూడున్నరకి ఏడో గుంటలో రొయ్యలు
పైకి తేలి గట్టువారకి చేరాయి.
పెంచలయ్య టార్చి వేసి చూశాడు.
నన్ను తిట్టలేదు.
మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి
"మిషను బాగుండాదనే చెప్తా ఉండాదే" అన్నాడు.
ఆ మాట ఇంకా గొంతు దిగలేదు నాకు.

అందుకని ముందు ఎన్ కొట్టాను.
ఆ ఒక్క పేరు టైపు చేసి, దానికి హోల్డ్ పెట్టాను.
పంక్తిలో విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి లాంటిది అది.
గరిటె పట్టినవాడు చూసి
పక్క విస్తరికి జరిగిపోతాడు.

ఇది గెలుపేం కాదు.
దాన్ని ఆనుకున్న లైబ్రరీలు రెండు
దాంతోపాటే ఆగిపోయాయి, పాపం.
దానిలో ఎవరో కన్నం కనిపెట్టారట,
అతుకు కూడా వచ్చిందట. నాకు అందదు.
అప్‌డేట్ పూట తప్ప
నెట్టు వైరు పీకే ఉంచుతున్నాను.
చుట్టూ అన్నీ ముందుకి జరుగుతుంటే
ఒకదాన్ని కదలకుండా పట్టుకోవడం
ఎంత పనో, చేసేదాకా తెలియదు.

బయట మోటారు షెడ్డుకి సున్నం వేస్తున్నారు.
రసూలు బ్రష్షు సాఫీగా పోతూ పోతూ
ఒకచోట టక్కున ఆగింది.
"ఆడ కొట్టబాక," పెంచలయ్య కేక.
నా భుజమంత ఎత్తున మట్టిరంగు గీత.
"తుపానుకి నీళ్ళు ఆడిదాకా వొచ్చుండాయి.
స్టార్టరు దానికి పైనే బిగించాల."
ఆ సంగతి పక్కన రాయలేదేం అని అడిగాను.
"నేనుండాను గదా."

నేనూ అలాగే అనుకునేదాన్ని.
తిరిగొచ్చి ఒక ఫైలు తెరిచాను:
దేన్ని ఆపానో, ఏ తేదీన, ఎందుకో,
ఏ మీటరు మారిన రోజున వదిలెయ్యొచ్చో.
పెంచలయ్య గడపలో నిలబడి
నా వేళ్ళనే చూస్తున్నాడు.
కాసేపటికి ఎక్కడినించో బొగ్గుముక్క తెచ్చి
"నాది గూడా రాయి" అన్నాడు.

ఏ సంవత్సరం అంటే తల గోక్కున్నాడు.
తుపాను పేరు గుర్తులేదు.
రసూలు మోచేతి మీదికి సున్నం కారుతోంది.
చివరికి ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను:
పెద్ద మోటారు కొన్న ఏడు. నీళ్ళు ఈడిదాకా. సున్నం కొట్టబాక.

లోపలికొచ్చి ఇంకోసారి అడిగించుకున్నాను.
ఎక్కించేవి నూట నలభై. ఆపి ఉంచినవి మూడు.
వై.

పొద్దు వాలింది.
ఏడో గుంట: నాలుగు పాయింటు ఆరు.
కళ్ళార్పకుండా చూశాను.
నాలుగు పాయింటు అయిదు.
తగ్గింది! కదిలింది!
"పెంచలయ్యా," అని పిలిచేలోపే
ఏరేటరు చక్రం నీటిని కొట్టడం వినిపించింది.