సున్నా, ఒకటి, రెండు

పీటర్‌హెడ్ దాటాక సముద్రం వైపు మళ్ళే దారి చివర
ఒక తాళం, ఇంకో తాళం, మళ్ళీ ఒకటి.
మూడోది తీసిన గార్డు
"ఇవాళ బాగానే ఉన్నాడు" అన్నాడు,
వాన సంగతి చెప్పినట్టు.

డూగల్ మెక్‌ఫీ. ముప్పై నాలుగు.
బుద్ధి ఆరేళ్ల పిల్లాడంత
అని ఎప్పుడో ఒకరు రాశారు, తర్వాతివాళ్లంతా దాన్నే దిద్దారు.
బస్ డిపో వెనక చెత్తడబ్బాల షెడ్డుకి నిప్పు.
ఎవరూ పోలేదు. ఒక పిల్లి తోక కాలింది.
ఆ పిల్లి పేరు అతనికి తెలుసు. ఫైలుకి తెలీదు.

నా దగ్గర ఇరవై అంశాలున్న కాగితం.
ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు.
ఎవరెవరి ఒంటికో కొలతలు తీసి కుట్టిన చొక్కా,
ఇతనికి భుజాల దగ్గర పట్టదు,
చేతులేమో మోకాళ్లదాకా వేలాడతాయి.
అయినా తొడగాలి. బుధవారానికి బోర్డు ముందు పెట్టాలి.

"చేసినదానికి పశ్చాత్తాపం ఉందా?"
"ఉంది."
"పశ్చాత్తాపమంటే?"
కిటికీలోంచి చూశాడు. ఎదురుగాలికి ఒక సముద్రకాకి
ముందుకెగురుతూ వెనక్కి పోతోంది.
"మీలాంటివాళ్లొస్తే ఉందని చెప్పాల్సింది."

ప్రశ్న తిరగేశాను.
మళ్ళీ నిప్పు పెట్టాలనిపిస్తుందా? అవును.
ఇంకెప్పుడూ పెట్టకూడదనిపిస్తుందా? అవును.
రెండు అవునులూ ఒకే తూకం.
అవునంటేనే బిస్కట్ దొరికింది చిన్నప్పుడు,
అవునంటేనే గదిలోంచి పెద్దవాళ్లు కదిలారు,
స్టేషన్లో కూడా అవుననే అన్నాడు,
సంతకం చోట తన పేరుని బొమ్మలా గీశాడు.

పదకొండు: భవిష్యత్తు గురించిన ఆలోచనలు, వాటిలో వాస్తవికత.
పదిహేడో నంబరు బస్సు నడుపుతాడట.
స్టాపులన్నీ వరసగా చెప్పాడు,
చేపల మార్కెట్ మలుపులో హారన్ నోటితో కొట్టి చూపించాడు.
అవాస్తవికం. రెండు.
మా అన్న యాభయ్యో ఏట పడవ కొంటానంటున్నాడు, ఈత రాదు.
వాడికెవరూ మార్కులు వెయ్యలేదు.

రాత్రి లాడ్జిలో తడి మేజోళ్లు హీటరు మీద ఆరేసి
ఫారం అడగని తేదీలు పక్కపక్కన పేర్చాను.
మార్చి తొమ్మిది: నైట్ నర్సు ఎల్స్‌పెత్ ఉద్యోగం మానేసింది.
మార్చి పదకొండు: కర్టెన్.
ఆగస్టు: తమ్ముడు చెప్పకుండా ఇన్వర్‌నెస్‌కి మకాం మార్చాడు.
ఆగస్టు: పరుపు.
షెడ్డుకి ముందు వారం, శనివారాలు బస్సులో తిప్పే రోరీ రిటైరయ్యాడు.
కేకు కోశారు. డూగల్‌కి ఒక ముక్క, పేపరు ప్లేటులో.

నిప్పు లేందే పొగ రాదంటారు.
ఇతనికి ప్రతిసారీ పొగే ముందొచ్చింది,
మేం ఎవరమూ దగ్గలేదు.

ఆగు, మోర్వెన్, కరిగిపోకు.
షెడ్డు గోడకి ఆనుకునే ఒక పడకగది ఉంది.
అందులో నిద్రపోతున్న ఎనభై రెండేళ్ల మిసెస్ ఒగిల్వీ
ఇప్పటికీ రాత్రి మూడుసార్లు లేచి ప్లగ్గులు తడుముతుంది.
ఆవిడ కూడా ఈ కాగితంలోనే ఉంది.
పదిహేడో అంశం. రెండు. అది దిద్దను.

చివరి రోజు ఫైలు మూస్తుంటే అడిగాడు:
"గురువారం వస్తావా?"
బుధవారంతో నా కాంట్రాక్టు అయిపోతుంది.
అవును
నాలుక కొసదాకా వచ్చి ఆగింది,
ఎంత తేలికైన మాట, ఎంత బాగా గదులు ఖాళీ చేస్తుంది.

"రాను డూగల్. ఇంకెప్పుడూ రాను. వేరే ఆయన వస్తాడు,
పేరు ఫిన్లే, గడ్డం ఉంటుంది."
మళ్ళీ చెప్పాను. క్యాలెండరు తెచ్చి
బుధవారం దగ్గర గీత గీశాను.

పెన్ను లాక్కున్నాడు.
గురువారం గడిలో బస్సు గీశాడు, చాలా సేపు,
చక్రాలు, అద్దాలు, నుదుటి మీద పదిహేడు.
లోపల ఎవర్నీ గీయలేదు.
డ్రైవరు సీట్లో కూడా.

ఇరవయ్యో అంశం కింద రెండు వేళ్ల జాగా ఉంది.
ఎవరు వెళ్తున్నా ఇతనికి ముందే చెప్పండి, రెండుసార్లు,
అని అక్కడ రాశాను, అక్షరాలు ఇరికించి.
బోర్డువాళ్లు మొత్తం ఎంతొచ్చిందని మాత్రమే అడిగారు.