సగం మాత్ర

బరంపురం పెద్దాసుపత్రి, మగవాళ్ల వార్డు.
ఉదయం ఎనిమిదింటికి ఫినాయిలు తడి ఇంకా ఆరదు.
రౌండ్సులో నా చోటు చివర,
డాక్టర్ల వెనక, హౌస్ సర్జన్ల వెనక,
మందుల బండి చక్రం కీచుమనే చోట.
మంచం మీది మనిషి మొహం నాకు ఆఖర్న కనిపిస్తుంది.
ముందు కనిపించేది అతని కాగితం.

పదకొండో మంచం. సూరాడ కామయ్య.
గోపాలపూర్ అవతల నోలియాల పేట.
గుండెలో కవాటం మార్చి మూడేళ్లు.
కేసుషీటు మీద పేరు ఒడియాలో,
మందులు ఇంగ్లీషులో,
మూలుగు మాత్రం తెలుగులో.

నెత్తురు పలచబరిచే మాత్ర ఎప్పటిలాగే ఉంది.
దాని కింద, శనివారం రాత్రి రెండింటికి,
వేరే సిరాతో ఇంకొకటి:
విరేచనాలకి మెట్రోనిడజోల్.
ఇవాళ సోమవారం.
ఆదివారం ఈ కాగితం చదివే మనిషికి సెలవు.
రెండూ మంచి మందులే.
వేర్వేరు మంచాల మీదైతే
పేజీ తిప్పేసి ఉందును.

"సార్" అన్నాను.
నా గొంతు మొదటిసారి ఎవరికీ వినపడదు.
రెండోసారి అనడం
కాలేజీలో నేర్చుకున్నది కాదు.
పోయినేడు వానాకాలం, ఆరో మంచం దగ్గర
అనకుండా ఊరుకున్నాక వచ్చింది.
"సార్, ఈ రెండూ కలిస్తే నెత్తురు గడ్డకట్టదు."
పాణిగ్రాహి గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.
గీత కొట్టారు. పక్కన పొట్టి సంతకం.

రక్తపరీక్ష సాయంత్రానికి వచ్చింది.
మూడున్నర దాటకూడని అంకె
ఐదుకి కాస్త తక్కువలో నిలబడి ఉంది.
చిగుళ్ల అంచున సన్నటి ఎరుపు.
ఆ రాత్రి మాత్ర ఆపారు.
ఆ రాత్రి ఏమీ జరగలేదు.
రిజిస్టర్లో ఏమీ జరగకపోవడానికి గడి లేదు.

మర్నాడు అతనే అడిగాడు:
"సూది పొడవ్వు, నాడి సూడవు.
ఏటి సేత్తావమ్మా నువ్విక్కడ?"
"చదువుతాను" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
తిరిగే ఫ్యాను కేసి కాసేపు చూసి,
"మా అలివి వలకాడ ఒకడుంటాడు.
తాడు ముట్టడు.
ఒడ్డున నిలబడి నీటి రంగు సూత్తాడు.
ఆడికీ ఓ వాటా ఉంటది" అన్నాడు.

ఇంటికి పంపే రోజు.
అతనికి ఒడియా చదవడం రాదు, తెలుగూ రాదు.
సోమ, బుధ, శుక్ర ఒకటి; తక్కిన రోజులు సగం.
అట్టముక్క మీద నిండు గుండ్రం గీశాను,
పక్కన సగం చంద్రుడు.
తెలివైన పనే చేశాననుకున్నాను.
"ఏదీ, ఓసారి చెప్పు" అంటే
గీతల మీద వేలు పెట్టి చెప్పాడు:
"పున్నానికి ఓటి. అట్టమికి సగం.
అమాసకి ఏటకెల్లం గదా,
మందూ లేదు."

నా వీపున చెమట.
ఎవరెవరి సిరాలోనో తప్పు వెతికే కళ్లకి
నా పెన్సిలు కనపడలేదు.

ఎస్తేరు సిస్టర్ టీలోకి తెచ్చుకున్న బిస్కెట్టు
అడిగి తీసుకుని మధ్యకి విరిచాను.
"ఇదీ సగం. చంద్రుడి ఊసే వద్దు."
అప్పటిదాకా గోడకానుకుని ఉన్న అతని భార్య యర్రమ్మ
బొడ్డు సంచిలోంచి వలదారం తీసింది.
పెద్ద ముడి, చిన్న ముడి, పెద్దది, చిన్నది,
పెద్దది, ఆపైన రెండు చిన్నవి.
"సోమారం ఇక్కడ" అని మొదటి ముడికి పిన్నీసు గుచ్చింది.
"రోజుకోటి జరుపుతాను.
అదేటి, ఇంతేనా?"
ఇంతే.
మునగాకు? తినొచ్చు, రోజూ ఒకే కొలత.
నడుం నొప్పికి సంతలో మాత్ర?
వద్దు. వద్దంటే వద్దు.
ఆ రెండో వద్దు కాస్త గట్టిగానే అన్నాను.

వాళ్లు గేటు దాటేసరికి
పదకొండో మంచం మీద కొత్త దుప్పటి,
కాళ్ల దగ్గర కొత్త కాగితం.
మధ్యాహ్నం పెన్ను కోసం తడిమితే
కోటు జేబులో మిగిలిన సగం బిస్కెట్టు,
అప్పటికే పొడి.