పొట్టున్న ఇనుము

బెంగుళూరు నుంచి తెచ్చుకున్న్యావు
నాలుగు వెడ్జులు, నాలుగింటికీ నాలుగు గుడ్డ టోపీలు.
నలభై ఆరు, యాభై రెండు, యాభై ఆరు, అరవై అని
బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్తివి.
విన్న్యా.
నెంబరు వాలు చెప్తాది వినోదినమ్మా,
బంతి ఎంత ఎత్తు లేస్తాదో, యాడ పడతాదో.
ఇనుము నేలను తాకినాక ఏం చేస్తాదో
నెంబరు చెప్పదు.

తిరగేసి చూడు.
అడుగున ఈ ఉబ్బు ఉండాదే,
మీరు బౌన్స్ అంటారు, నేను పొట్ట అంటా.
పొట్టున్నది మట్టిలో దిగబడదు,
బురద మీద బాతు మాదిరి తేలిపోతాది.
పొట్ట లేనిది ఉలి మాదిరి దిగుతాది.

మా నాయనకు నాపరాయి గనిలో పదహారు ఉలులు.
పొద్దున్నే సుత్తి తిప్పి, కాడతో బండను తట్టి
చెవి ఆనించి వినేటోడు.
గంట మాదిరి మోగితే సన్న ఉలి,
గుల్లగా పలికితే మొండిది.
రాయి పలక్కముందే నేను ఉలి అందిస్తే
చెంప మీద ఒకటి పడేది.
ఇరవై ఏండ్లుగా ఈ సిమెంటు ఫ్యాక్టరీ కోర్సులో
బ్యాగులు మోస్తాండా,
ఆ చెంప ఇంకా మండుతాంది.

ఈడ గడ్డి ఎంతుండాదో నీకు తెలియంది కాదు.
గ్రీన్ అంటారు గానీ
ఇసుకలో కాలిన ఆయిలు కలిపి పరిచిన నల్ల చాప.
మార్చి దాటితే రేగడి నోరు తెరుస్తాది.
పోయిన మేలో ఏడో హోల్ కాడ
జీఎం సారు బంతి నెర్రెలో పడి
ఇంతవరకు పైకి రాలా.
అదే నేల అక్టోబరు తుఫానుకు
కాలి చెప్పు ఊడబెరుకుతాది.

అయితే ఎండకు పొట్ట లేనిది, వానకు పొట్టున్నది,
లెక్క సరిపాయ అనుకుంటివి.
సరిపోలా.
మధ్యలో నీ చేయి ఉండాది కదా.
కోపం చేసుకోవద్దు తల్లీ,
నువ్వు బంతిని కొట్టవు, దంచుతావు,
రోట్లో మిరపకాయలు దంచినట్టు
పైనుంచి కిందికి.
చేయి పొట్ట అడుగుతాది,
నేల వద్దంటాది.

ఆదివారం చూస్తివి కదా.
పేర్చిన బండల పక్కన బంతి.
నలభై ఆరు చేతికిచ్చినా, దొర్లించు చాలన్న్యా.
నువ్వు అరవై గుంజుకున్న్యావు,
ఆకాశంలోకి లేపి దించుదామని.
గట్టి నేల మీద పొట్ట ఎగిరి తన్నింది,
అంచు బంతి నడుముకు తగిలింది,
బంతి లారీల కాటా దాటి పోయింది.
కాటా గుమాస్తా బయటికొచ్చి
మబ్బుల్లోకి చూసినాడు.

నాలుగు రోజులు మాట్లాడలా నాతో.
ఐదో రోజు ల్యాబ్ నుంచి నేరుగా,
తెల్లకోటు గుడక విప్పకుండా వచ్చి
"ఏం చేద్దాం ఓబులేసూ" అంటివి.

అరవైని గోనెపట్టలో చుట్టి, సైకిల్‌కు కట్టి
ఎర్రగుంట్లలో ఖాజామొద్దీన్ పాలిష్ మిల్లుకు పోయినా.
బండలు నున్నగా చేసే చక్రం.
ఇనుము ఆనిస్తే
మిల్లంతా తెల్లదుమ్ములో ఎర్ర రవ్వలు.
మడమ కాడ రోంత తియ్యమన్న్యా,
వెనకంచు ఇంకా రోంత.
ముందర మటుకు ముట్టుకోవద్దంటి,
దంచే చేతికి ఆ పొట్ట కావాల.
ముఖం తెరిచి పెడితే ఇప్పుడు
గట్టి నేల మీద గుడక అంచు కిందికి ఆనుతాది,
లేచి తన్నదు.
యాభై ఆరు వాన పడేదాకా ఇంట్లో ఉండనీ.
యాభై రెండు నీ ఇష్టం,
దాంతో నాకేం పేచీ లేదు.

ఖాజా దుడ్లు తీసుకోలా.
కండ్లద్దాలు నుదుటి మీదికి తోసి
ఇటు తిప్పి, అటు తిప్పి,
బొటనవేలితో అంచు నిమిరి
ఒకటే అడిగినాడు:
"ఇది ఏ రాయికి?"

వినోదినమ్మ చేతికి, అన్న్యా.

"ఆ రాయి మా మిల్లుకు ఎప్పుడూ రాలేదే"
అన్న్యాడు.