ఒకటా, రెండా

బాలరట్‌లో, స్టర్ట్ వీధిలో,
బేకరీని ఆనుకున్న కళ్ళజోళ్ళ కొట్టు. వెనక ఒక చీకటి గది.
రోజుకి పద్దెనిమిది ముఖాలు నా యంత్రం వెనక్కి వెళ్తాయి.
"ఇది బాగుందా... ఇదా?
ఒకటా... రెండా?"
అద్దం తిప్పినప్పుడల్లా చిన్న చప్పుడు. టక్.

ఆ టక్కు నాతోనే ఇంటికొస్తుంది.

బస్సులో ఒకతను గొడుగు ముడుస్తూ నవ్వాడు.
టక్.
ఇప్పుడు నీకేమైనా అనిపించిందా?
లేదు.
లేదని అంత తొందరగా ఎందుకన్నావు?
మళ్ళీ చూడు. అతని మణికట్టు చూడు. నీ గుండె చూడు.
పనిగట్టుకుని చూస్తుంటే ఏ గుండె కొట్టుకోదు!
అదిగో, కొట్టుకుంది.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు.
నేనే అనుకుని, నేనే భుజాలు తడుముకుంటాను.
బూడిద లేదు.
తడిమిన చేతికి అంటిందేమోనని చెయ్యి చూసుకుంటాను.
చెయ్యి కడుక్కుంటే
ఏం దాస్తున్నావని అడుగుతుంది లోపలిది.

అమ్మకి చెప్పడానికి పదకొండేళ్ళు పట్టింది నాకు.
ఫోన్లో, అమ్మ బీరకాయలు తరుగుతుండగా:
"నాకు ఆడవాళ్ళంటేనే ఇష్టం అమ్మా."
కత్తిపీట చప్పుడు ఆగింది.
ఎనిమిది నెలలు ఆగే ఉంది.
తొమ్మిదో నెలలో, "ఆ అమ్మాయి కారం తింటుందా?" అంది.

అంత ఖరీదు పెట్టి కొన్న మాట.
ఇప్పుడు అర్ధరాత్రి బ్రోన్విన్ పక్కన పడుకుని
దాని రసీదు వెతుక్కుంటున్నాను.
అబద్ధమైతే?
అమ్మని ఊరికే ఏడిపించి ఉంటే?
నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్న ఈ మనిషిని
ఇన్నాళ్ళూ మోసం చేస్తూ ఉంటే?

ఆమె వీపు మీది పుట్టుమచ్చని ముట్టుకుంటాను.
ప్రేమతో కాదు, పరీక్షకి.
నేను చేసిన పాపం ఏదైనా ఉంటే, అదీ.

డాక్టరమ్మ ఏమీ తేల్చలేదు.
"కావచ్చు, కాకపోవచ్చు అనుకుని ఊరుకోండి" అంది.
అంత ఫీజు పుచ్చుకుని, కావచ్చు కాకపోవచ్చా!
"అడిగేది మీరు కాదు, జబ్బు.
జవాబు దాని మేత.
ఆకలేస్తే అరుస్తుంది. అరవనివ్వండి."

అరుస్తుంది.
వెండూరీ చెరువు చుట్టూ, చలిలో, నాతో నడుస్తూ అరుస్తుంది.
హంసలు పాలనీ నీళ్ళనీ వేరు చేస్తాయని చదువుకున్నాం కదా,
ఇక్కడి నల్లవి ఏదీ వేరు చెయ్యవు.
నాచు పీక్కుని తింటాయి,
మెడ దులుపుకుంటాయి,
పోతాయి.

గురువారం ట్రెగియర్ అని ఒక ముసలాయన, గొర్రెల రైతు.
"ఒకటా, రెండా?"
"రెండూ ఒకలాగే ఉన్నాయి పిల్లా.
ఏదో ఒకటి రాసెయ్. బయట వాన పట్టేలా ఉంది."
రాసేశాను.

రాత్రి బ్రోన్విన్ పప్పులో ఇంగువ మరీ ఎక్కువ వేసింది.
వడ్డిస్తూ నా వైపు చూసింది.
టక్.
ఇంకొంచెం వెయ్యమని
కంచం జరిపాను.